నేపియర్ గాట్స్‌బీ పిక్నిక్‌కు చీరకట్టుతో వెళ్లవచ్చా?

ప్రశ్న, ఆక్లాండ్ నుంచి:
నమస్కారం. ఫిబ్రవరిలో న్యూజిలాండ్‌లోని నేపియర్‌లో జరిగే ఆర్ట్ డెకో (1920, 30ల నాటి భవన, అలంకార శైలి) ఉత్సవానికి ఈసారి మా అత్తగారితో, పిల్లలతో కలిసి వెళ్లాలనుకుంటున్నాం. ఆ కాలపు కార్ల ఊరేగింపునూ, సముద్రపు ఒడ్డున మెరీన్ పరేడ్ పచ్చికలో అందరూ 1920, 30ల నాటి దుస్తులు వేసుకుని జరుపుకొనే గాట్స్‌బీ పిక్నిక్‌నూ చూడాలని మా కోరిక. అత్తగారు చీర తప్ప మరొకటి కట్టరు. అందరూ గౌన్లు, సూట్లు వేసుకున్న చోట చీర కడితే ఉత్సవ మర్యాదకు భంగమవుతుందా? పాత కార్ల దగ్గర పిల్లలు ఎలా మెలగాలి? భోజనానికి ఏం తీసుకెళ్లాలి? తెలిసినవారు దయచేసి చెప్పండి.

మొదటి జవాబు, హేస్టింగ్స్ నుంచి:
నిస్సంకోచంగా కట్టవచ్చునండి. అయితే ఎలాంటి చీర అన్నది ముఖ్యం. 1931 ఫిబ్రవరి 3న వచ్చిన 7.8 తీవ్రత గల భూకంపంలో ఈ ప్రాంతంలో 256 మంది చనిపోయారు; వెంటనే మంటలు కూడా రేగడంతో నేపియర్ నడిబొడ్డు నేలమట్టమైంది. ఆ తరువాత రెండు మూడేళ్లలోనే జనం ఎక్కువగా ఆర్ట్ డెకో శైలిలో తిరిగి కట్టుకున్న ఊరే నేడు మనం చూస్తున్నది. అందుకే ఈకల తలకట్టు, కుచ్చుల గౌను కంటే, ఊరు మళ్లీ లేచి నిలబడిన 1930ల తొలినాళ్లలో మామూలు మనుషులు వేసుకున్న బట్టలే ఈ ఉత్సవానికి తగినవని నా అభిప్రాయం.

సరిగ్గా ఆ ఏళ్లలోనే మన ఊళ్లలో ఉప్పు సత్యాగ్రహం సాగింది, ఖద్దరు కట్టడం పట్టుదలగా మారింది. కాబట్టి పొందూరు ఖద్దరు గానీ, వెంకటగిరి నేత గానీ, బుట్ట చేతుల జాకెట్టుతో కడితే కాలానికి చక్కగా అమరుతుంది. పాలియెస్టర్ చీర మాత్రం వద్దు, ఆ దారం కనిపెట్టిందే 1941లో. నుదుట స్టిక్కరుకు బదులు కుంకుమ పెట్టుకోమనండి. మగవారు పంచె మీద కోటు వేసుకుని, ఉత్తరీయమో తలపాగానో చేర్చుకుంటే ఆనాటి ప్లీడర్లు, బడిపంతుళ్లు కనిపించినట్లే ఉంటుంది.

రెండవ జవాబు, వెల్లింగ్టన్ నుంచి:
పై మాటతో ఏకీభవిస్తూనే ఒక సవరణ చెబుతాను. 1930లలో ఈ దేశంలో ఉన్న కొద్దిమంది భారతీయుల్లో ఎక్కువమంది గుజరాతీలు, పంజాబీలు. కాబట్టి ఆనాటి నేపియర్ వీధుల్లో ఇలాంటి చీరలు కనిపించేవన్న భావన కలిగించకూడదు. ఎవరైనా అడిగితే, అదే కాలంలో మా దేశంలో మా వాళ్లు ఇలా కట్టేవారని చెబితే చాలు. అది నిజం, గౌరవమూను. అప్పట్లో బ్యాంక్ ఆఫ్ న్యూజిలాండ్ కోసం కట్టిన, ఇప్పుడు ఏఎస్‌బీ బ్యాంకు ఉన్న భవనాన్ని తప్పక చూడండి. ఆర్ట్ డెకో శైలిలోనే ఇక్కడి మూలవాసులైన మావోరీల నగిషీలను పొదిగారు. బయటి నుంచి వచ్చిన శైలిలో ఇక్కడి నగిషీ అంత అందంగా ఇమిడిందంటే, ఆ ఊళ్లో మన నేతచీరకు చోటు లేకపోదు.

మూడవ జవాబు, పాత కార్లు బాగుచేసేవారి నుంచి:
కార్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చూసేవారి తొందరపాటు వల్లనే ఎక్కువ నష్టం జరుగుతుంది. ఎనభై తొంభై ఏళ్ల నాటి కారుకు అసలు రంగే మిగిలి ఉంటే, గాజులు, వడ్డాణం, కోటు గుండీలు రాసుకున్నా దాని మీద గీత పడుతుంది. దాన్ని మునుపటిలా చేయడం చాలా కష్టం. యజమాని పిలిచేవరకు ఆనుకోవద్దు, ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టవద్దు. అడిగితే మాత్రం చాలామంది సంతోషంగా పిల్లలను కూర్చోబెడతారు.

ఊరేగింపులో పిల్లల చేయి వదలకండి. 1927 నుంచి 1931 వరకు తయారైన ఫోర్డ్ మోడల్ ఏ కారుకు 40 హార్స్‌పవర్ ఇంజను, నాలుగు చక్రాలకూ కడ్డీలతో పనిచేసే బ్రేకులు ఉంటాయి. నేటి కారు ఆగినంత త్వరగా అది ఆగదు. పైగా నెమ్మదిగా కదిలే వరుసలో, వేసవి ఎండలో, రేడియేటరులో నీళ్లు మరుగుతాయి. ఆవిరి చిమ్ముతున్న కారు పక్కన నిలబడి ఫొటో తీసుకోవడం ప్రమాదం. ఆస్టిన్ సెవెన్ వంటి చిన్న కారు కనిపిస్తే దాని 747 సీసీ ఇంజనును పిల్లలకు చూపించమని యజమానిని అడగండి. మూత ఎత్తగానే ఏ భాగం ఏం చేస్తుందో కంటికి కనిపిస్తుంది. నేటి కార్లలో ఆ అవకాశమే లేదు.

భోజనం మాట: పులిహోర, గారెలు, జంతికలు చాలు. ప్లాస్టిక్ డబ్బాలు, స్టీలు క్యారేజీ కాకుండా ఇత్తడి క్యారేజీ దొరికితే అందులో పెట్టండి. బల్ల మీద తెల్లటి నూలు గుడ్డ పరిస్తే బాగుంటుంది.

ప్రశ్న అడిగినవారి మాట:
అందరికీ కృతజ్ఞతలు. అత్తగారి దగ్గర వాళ్ల అమ్మగారి ఖద్దరు చీర ఒకటి ఉందట. అది కట్టుకోగలిగేంత గట్టిగా ఉందో లేదో ఈ ఆదివారం విప్పి చూస్తాం. లేకపోతే పొందూరు నుంచి కొత్తది తెప్పిస్తాం.