చాట్‌లో రాసుకున్న ఊహ ఎప్పుడు కుట్ర అవుతుంది?

క్రిమినల్ కేసులు చూసే లాయర్లు చెప్పగలరా? న్యూయార్క్ 'కానిబల్ కాప్' (నరమాంసం తినే పోలీసు) కేసులో, ఆడవాళ్లను ఎత్తుకెళ్లి వండుకు తినడం గురించి ఆ పోలీసు ఆన్‌లైన్‌లో 24 మందితో చాట్ చేశాడు. 21 మందితో నడిచింది ఉత్త ఊహేనని ప్రాసిక్యూషనే ఒప్పుకుంది. మిగతా ముగ్గురితో అనుకున్న తేదీలు వచ్చాయి, పోయాయి, ఎవరూ కదల్లేదు. 2013లో జ్యూరీ కుట్ర అంది. 2014లో జడ్జి కొట్టేశాడు, 2015లో అప్పీలు కోర్టూ సరేనంది. (పోలీసు డేటాబేస్‌లో ఒకామె వివరాలు వెతికాడు కూడా. మింగుడుపడనిది అదే.)

మన దగ్గర చిక్కు వేరు. బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 61, అంటే పాత ఐపీసీ 120-ఎ ప్రకారం నేరం చేద్దామని ఇద్దరు ఒప్పుకుంటే చాలు, ఆపై అడుగు వేయనక్కర్లేదు. మరి "సరే, శుక్రవారం" అన్న మెసేజ్ ఒప్పందమా, ఆటా? తాడు కొన్న బిల్లు, లొకేషన్ లాంటివి లేకుండా చాట్ ఒక్కటే ఉంటే చార్జ్ దశలోనే డిశ్చార్జ్ (అభియోగాలు మోపకుండానే వదిలేయమని) అడగొచ్చా? దీనిమీద తీర్పులేమైనా ఉన్నాయా?