కారు నెలల తరబడి కదలనప్పుడు పెట్రోలు ట్యాంకు నింపి ఉంచాలా?

తిరువాన్మియూర్ నివాసి:
మా ఇంట్లో 1990ల నాటి మారుతి 800 ఉంది. పిల్లల దగ్గరకు వెళ్ళినప్పుడు అది నెలల తరబడి కదలదు. ట్యాంకు నిండుగా లేకపోతే లోపల చెమ్మ చేరి తుప్పు పడుతుందని మా మెకానిక్ అంటున్నాడు. ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు కనుక నింపి ఉంచడమే ప్రమాదమని పక్కింటివారు వాదిస్తున్నారు. ఎవరి మాట వినాలి?

మడిపాక్కం వాసి:
మెకానిక్ మాటే వినండి. చెన్నైలో, అందునా సముద్రానికి అంత దగ్గరగా, గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది. ట్యాంకులో ఖాళీ ఎంత ఎక్కువైతే అందులో చేరే తడిగాలి అంత ఎక్కువ. మా పెద్దల కాలం నుంచి పాటిస్తున్న పద్ధతి ఇది.

అంబత్తూరు వాసి:
పద్ధతి పాతదే కానీ, లెక్క వేసి చూస్తే అది నిలబడదు. 30 డిగ్రీల వేడిలో గాలి పూర్తిగా తేమతో నిండినా ఘనపు మీటరుకు దాదాపు 30 గ్రాముల నీటిని మాత్రమే పట్టుకుంటుంది. మీ కారు ట్యాంకు పట్టేది ఇంచుమించు 30 లీటర్లు. అది మొత్తం ఖాళీగా ఉన్నా లోపలి గాలిలోని నీరు గ్రాముకు మించదు, రాత్రి చల్లబడినప్పుడు అందులో కొంత భాగమే గోడలపై చేరుతుంది. మన ఊరి రాత్రులు అంతగా చల్లబడవు కనుక చాలా రోజులు ఆ కొంచెమూ చేరదు.

ఇక రెండో వైపు చూడండి. ఇథనాల్ లేని పెట్రోలు లీటరుకు సుమారు 0.15 మిల్లీలీటర్ల నీటినే కరిగించుకోగలదు, మిగిలినది అడుగున నిలిచి ఇనుమును తినేది. 10 శాతం ఇథనాల్ ఉంటే లీటరుకు దాదాపు 5 మిల్లీలీటర్ల వరకూ కరుగుతుంది, ఇథనాల్ పెరిగేకొద్దీ ఆ శక్తి పెరుగుతుందే తప్ప తగ్గదు. తక్కువ అంకెనే తీసుకున్నా, 15 లీటర్ల పెట్రోలు విడిపోవాలంటే, అంటే నీరు, ఇథనాల్ కలిసి వేరే పొరగా అడుగుకు దిగాలంటే, 75 మిల్లీలీటర్ల నీరు కావాలి. రోజూ పావు గ్రాము చేరుతుందని, అదీ ఉదారంగా, అనుకున్నా 300 రోజులు పడుతుంది. కాబట్టి గాలి చెమ్మను కాదు, నీరు నేరుగా పడే దారులను అనుమానించాలి. మూత రబ్బరు ఎండి బీటలు వారడం, పెట్రోలు పోసే గొట్టం తుప్పుపట్టి చిల్లు పడడం, భారీ వర్షం తరువాత బంకు భూగర్భ ట్యాంకులో నీరు చేరడం, ఈ మూడే నా దృష్టిలో అసలు దోషులు.

మైలాపూర్ వాసి:
అంబత్తూరు వారి లెక్కలో తప్పు లేదు, కానీ అది విడిపోవడానికి సంబంధించిన లెక్క మాత్రమే. తుప్పు పట్టడానికి నీరు వేరుగా నిలవనక్కర లేదు. ఇథనాల్‌లో కరిగిన నీటికి, దానితో వచ్చే క్లోరైడులకు, ఇథనాల్ నిల్వలో మెల్లగా ఆక్సీకరణ చెందితే ఏర్పడే ఆమ్లాలకు కొంత విద్యుద్వాహకత ఉంటుంది, తుప్పు సాగడానికి అది చాలు. పాత కాలపు ఉక్కు ట్యాంకులు చాలావాటికి లోపల సీసం, తగరాల పూత ఉండేది, దానికీ, పెట్రోలును గాలితో కలిపే కార్బ్యురేటరులోని జింకు మిశ్రమానికీ ఇథనాల్ పెట్రోలు మంచిది కాదు. ఇంధన వ్యవస్థలోని సామగ్రి 20 శాతం ఇథనాల్‌కు అనుకూలంగా ఉండాలన్నది 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన కార్ల సంగతి, 1990ల కారుకు ఆ భరోసా లేదు.

అయినా నాకు ట్యాంకు కన్నా కార్బ్యురేటరు గిన్నె మీదే ఎక్కువ భయం. కారు నిలిచి ఉంటే అందులోని పెట్రోలు ఆవిరై, తెల్లటి పొడి, జిగురు మిగులుతాయి. ట్యాంకు నింపినా ఖాళీగా ఉంచినా గిన్నెకు తేడా లేదు.

మడిపాక్కం వాసి:
అంటే నింపమంటారా, వద్దంటారా?

మైలాపూర్ వాసి:
నింపడం వల్ల నష్టమైతే లేదు, కానీ అదే మందని నమ్మి మిగతావి వదిలేయవద్దు.

వేలచ్చేరి వాసి:
2015 డిసెంబరు వరదలు చూసిన మాకు ఈ గ్రాముల చర్చ వింతగా ఉంటుంది. కారు మునిగితే లోపలికి చేరే నీటి ముందు ఆ 75 మిల్లీలీటర్లు ఏ మూలకు? అప్పుడు మిశ్రమంలోని ఇథనాల్‌లో అధిక భాగం నీటితో కలిసి అడుగుకు దిగిపోతుంది, గొట్టం పీల్చేది అడుగునుంచే కనుక ఇంజనుకు మొదట అందేది అదే. పైన మిగిలిన పెట్రోలుకు ఆక్టేన్, అంటే ఇంజను కొట్టుకోకుండా మండే గుణం, కూడా తగ్గుతుంది. మునిగిన కారు తాళం తిప్పకుండా ట్యాంకు దింపించి కడిగించాలి. ఎండబెట్టి చూద్దామనుకోవద్దు.

అంబత్తూరు వాసి:
వేలచ్చేరి వారితో పూర్తిగా ఏకీభవిస్తాను. తిరువాన్మియూర్ వారు ప్రయాణానికి ముందు మూత రబ్బరు మార్పించి, పోసే గొట్టాన్ని టార్చితో చూసి, ఇంధన గొట్టాలు ఇథనాల్‌ను తట్టుకునే ఫ్లోరో రబ్బరువి వేయించి, కార్బ్యురేటరు గిన్నె ఖాళీ చేయిస్తే చాలు. ట్యాంకులో పెట్రోలు సగమున్నా ఫరవాలేదు. ఇంతకూ లోపల ఇప్పటికే తుప్పు రేకులు ఉన్నాయేమో ఎవరూ అడగలేదు. ఉంటే ఇథనాల్ ఆ పాత మురికిని కదిలించి ఫిల్టరులో నింపుతుంది, అప్పుడు ముందు ట్యాంకునే శుభ్రం చేయించాలి.

మడిపాక్కం వాసి:
నేను మాత్రం నిండుగానే ఉంచుతాను. రబ్బరు మార్చే సలహా మాత్రం తీసుకుంటున్నాను.