రిడక్షన్ బాణం ఎటువైపో పిల్లలకు ఎలా ఎక్కించాలి?

నేను కంప్యూటర్ సైన్స్ థియరీలో పీహెచ్‌డీ మూడో ఏడాది. ఈ సెమిస్టర్ బీటెక్ వాళ్ళకు ట్యుటోరియల్స్ చెప్తున్నాను. ఎన్‌పీ-కంప్లీట్ (జవాబు ఇస్తే సరిచూడటం సులువే కానీ, దాన్ని వేగంగా కనిపెట్టే దారి ఇంతవరకూ ఎవరికీ దొరకని సమస్యలు) దగ్గర బండి ఆగింది. క్లీక్ (చుక్కలూ గీతల బొమ్మలో, అన్నీ ఒకదానితో ఒకటి కలిసిన ఇన్ని చుక్కలు ఉన్నాయా అన్న సమస్య) కష్టమని చూపాలంటే, కష్టమని ముందే తెలిసిన 3-శాట్‌ని (మూడేసి పదాల షరతులన్నీ ఒకేసారి నిజం చేయగలమా అన్న సమస్య) క్లీక్‌గా మార్చాలి కదా? ఇలా ఒక సమస్యను ఇంకోటిగా మార్చడమే రిడక్షన్. మొన్న దిద్దిన 40 పేపర్లలో సగానికి పైగా క్లీక్‌నే శాట్‌గా మార్చేశారు!

నిర్మాణం మాత్రం అందరికీ వచ్చు: ప్రతి క్లాజులో (అంటే షరతులో) ఉన్న ఒక్కో లిటరల్‌కి (x లేదా 'x కాదు' లాంటి పదానికి) ఒక చుక్క, వేర్వేరు క్లాజుల్లో ఉండి ఒకదానికొకటి అడ్డురాని చుక్కల మధ్య గీత. దిశ దగ్గరే తిరగబడుతున్నారు. "క్లీక్‌కి మెషీన్ దొరికితే దాంతో శాట్ కూడా తేలిపోతుంది" అన్నాను, నలుగురైదుగురికి వెలిగింది. 1972లో కంప్యూటర్ శాస్త్రవేత్త రిచర్డ్ కార్ప్ 21 సమస్యలకు చేసిందీ ఇదేనంటే నోట్స్‌లో తేదీ రాసుకున్నారు, అంతే.

ఇది పాఠం చెప్పినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మన ఇళ్ళలో కనిపించే ఉదాహరణ ఏదైనా చెప్పండి. శుక్రవారం మళ్ళీ క్లాసు, నా పేపర్ డెడ్‌లైన్ టెన్షన్ వేరే.