అప్‌డేట్: మోకాళ్ల నొప్పి ఉన్న నాన్నగారితో కనకాయి వాగు బాట

వానాకాలం వెళ్లాక, మోకాళ్ల నొప్పి ఉన్న మా నాన్నగారిని వాగు వెంట సాగే అడవి బాటకు తీసుకెళ్లవచ్చా, వెళ్తే ముత్యాలధార జలపాతం మేలా, కనకాయి జలపాతం మేలా అని నేను అడిగిన ప్రశ్నకు జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. 2023 జులైలో ముత్యాలధార దారిలో వాగు పొంగి దాదాపు 80 మంది సందర్శకులు చిక్కుకుపోగా ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) బృందాలు రక్షించిన సంగతిని ఒకరు గుర్తుచేయడంతో, నాన్నగారు కనకాయికే మొగ్గారు. వరంగల్ నుండి నిర్మల్, ఇచ్చోడల మీదుగా ఆదిలాబాద్ జిల్లా గిర్నూర్ చేరుకున్నాము.

బాట కష్టమైనది కాదు, అలాగని సాఫీగానూ లేదు. రాలిన టేకు ఆకులు విస్తళ్లంత వెడల్పుగా పరచుకొని కింది రాళ్లను కప్పేస్తాయి. నాన్నగారికి ఎక్కడం కన్నా దిగడమే భారమైంది. కర్రను ముందుగా కింద ఆనించి, పక్కకు తిరిగి చిన్న అడుగులు వేసినప్పుడు మోకాలిపై బరువు తగ్గింది. నీళ్లు దాటేటప్పుడు వట్టి కాళ్లతో నడవాలని ఆ జవాబుల్లో వచ్చిన సలహాతో మాత్రం నేను ఏకీభవించలేను. నల్లరాళ్ల మీది పాకురు వట్టి పాదాన్నీ నిలవనివ్వదు, పైగా నీటి అడుగున రాళ్ల అంచులు పదునుగా ఉంటాయి. పట్టున్న బూట్లు తడిసినా నష్టం లేదు. జలపాతం కింది గుండంలోకి మేము దిగలేదు. వెంట తెచ్చిన సర్వపిండి పూర్తయ్యేదాకా నాన్నగారు బండ మీది నుండి లేవనేలేదు.

ఇప్పుడు ఆయనే గాయత్రి జలపాతానికి వెళ్దామంటున్నారు. అక్కడి దిగుడు ఎంత నిటారుగా ఉంటుందో చూసినవారు దయచేసి తెలుపగలరు.