డాకార్ నుంచి లాబేకు షేర్ టాక్సీలో: ఏ సీటు మేలు?

ప్రశ్న: ఆగస్టులో సెనెగల్‌లోని డాకార్ నుంచి టాంబకుందా మీదుగా గినియాలోని లాబేకు షేర్ టాక్సీల్లో వెళ్లాలనుకుంటున్నాము. మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ఏ సీటు మేలో, ఒక్క రోజులో చేరగలమో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు 1: సెనెగల్‌లో నడిచే ‘సెత్ ప్లాస్’ (ఏడు సీట్ల) షేర్ టాక్సీలు ఎక్కువగా పాత ప్యుజో కార్లు; డ్రైవరు కాక ఏడుగురు ఎక్కుతారు. చివరి వరుసలో కప్పు తల మీదికి వస్తుంది, మోకాళ్లు గడ్డం దాకా ముడుచుకోవాలి, కాబట్టి అమ్మగారిని అక్కడ కూర్చోబెట్టవద్దు. ముందొచ్చినవారికే మంచి సీట్లు దక్కుతాయి, పైగా బండి నిండితేనే కదులుతుంది. అందుకే తెల్లవారకముందే స్టాండుకు చేరండి. సామానుకు విడిగా డబ్బు అడుగుతారు, అది బేరమాడదగినదే.

జవాబు 2: సరిహద్దు దాటాక అదే రకం కారులో తొమ్మిదిమందిని కూడా ఎక్కిస్తారు, డ్రైవరు పక్క సీటులోనే ఇద్దరు కూర్చుంటారు. ఆ రెండు చోట్లూ అమ్మగారి ఒక్కరికే కొనండి. ఈ ఖర్చుకు మాత్రం వెనకాడవద్దని నా గట్టి సలహా. ఒక్క రోజులో చేరాలన్న ఆలోచన మానుకుని టాంబకుందాలో రాత్రి ఆగండి. గినియాలో సెనెగల్‌లో వాడే సీఎఫ్‌ఏ ఫ్రాంకు కాక గినియా ఫ్రాంకు చెల్లుతుంది. పాస్‌పోర్టుతోపాటు ఎల్లో ఫీవర్ టీకా కార్డును చేతిసంచిలోనే ఉంచుకోండి.

జవాబు 3: ఆగస్టులో లాబే ఉన్న ఫూతా జల్లోన్ కొండల్లో వానలు ముమ్మరంగా కురుస్తాయి, ఎర్రమట్టి దారి బురదైతే బండి దిగి నడవాల్సి రావచ్చు. వీలైతే ప్రయాణాన్ని డిసెంబరుకు మార్చుకోండి. అప్పుడు దుమ్ము తప్పదు గానీ, అమ్మగారు బురదలో నడిచే అవస్థ ఉండదు.