అరటి దగ్గర దగ్గరగ పెడితే దిగుబడి నిజంగ పెరుగుతదా?

హాలియా_రైతు: అన్నలూ, మాది సాగర్ ఎడమ కాలువ కింద, ఇన్నేండ్లు వరే. ఈ వానకాలం ఎకరంల జీ నైన్ రకం అరటి, ల్యాబుల పెంచిన టిష్యూ కల్చర్ మొక్క పెడదామని ఉన్న. ఆరడుగులకు ఆరడుగులు అయితే ఎకరానికి 1210 పడతయి, ఒకాయన అయిదుకు అయిదు పెట్టు 1700 దాటుతయి అంటుండు. పెట్టినోళ్లు చెప్పున్రి, గెల బరువు ఎట్ల ఉంటది?

జడ్చర్ల_తోట: అన్ని దిక్కుల అయిదడుగులు వద్దు తమ్మీ. ఆకు కమ్ముకున్నంక లోపల మనిషి తిరిగే సందుండదు, పిలకలు కొయ్యాలన్నా గెల మొయ్యాలన్నా కూలోళ్లు రామంటరు. మేం గుంతకు మూడు మొక్కలు పెట్టినం, 6 అడుగులకు 12 అడుగులు, అంటే 605 గుంతలు 1815 మొక్కలు. వరుసల నడుమ 12 అడుగులు ఖాళీ కాబట్టి పవర్ టిల్లర్ తిరుగుతది. గెల తగ్గేది నిజమే, 25 కిలోలు వచ్చే కాడ 20 అనుకో, అయినా ఎకరానికి 30 టన్నుల కాడ 36 టన్నులు. ఒక్కటి మాత్రం పట్టి చూడాలె, మూడు మొక్కలు ఒక్క తీరు ఎత్తుండాలె. ఒక్కటి పొట్టిగ ఉంటే మిగిలిన రెండు దాని మీద నీడ కొడతయి, అది మళ్ల లేవదు, గెల ఏసినా అత్తాలు, అంటే కాయల వరుసలు, నాలుగే.

నకిరేకల్_బోరు: అన్న లెక్క మంచిదే గని నీళ్ల లెక్క కూడ జెప్పాలె కదా. ఎండాకాలంల చెట్టుకు రోజుకు 20 లీటర్లు అనుకుంటే 1210 చెట్లకు 24 వేల లీటర్లు, 1815 కు 36 వేలు. మే నెలల 44 డిగ్రీలు కొడుతుంటే, గెల బయటపడే టైముకు బోరు గుక్క తిప్పుకుంటదా? కాలువ బందయినంక నీకేం ఆధారం ఉందో ముందు చూస్కో. ఎరువు గూడ మొక్కను బట్టి ఇయ్యాలె. మామూలుగ మొక్కకు పొటాష్ పోషకమే 300 గ్రాముల దాక జెప్తరు, గెల చిన్నది కాబట్టి కొంచెం తగ్గించినా ఎకరం మొత్తం మీద ఖర్చు పెరుగుతది. డ్రిప్పుల విడతలు విడతలుగ పోతే పర్వాలేదు, చేత్తో చల్లితే కష్టం.

కొల్లాపూర్_అరటి: ఇద్దరు జెప్పింది కరెక్టే. నేను కలిపేది ఏందంటే, దగ్గర పెడితే కలుపు తక్కువ, వడగాలికి ఆకు తక్కువ మాడుతది, ఇవి మన పాలమూరు ఎండలకు చిన్న లాభాలు కావు. కని వానల్ల లోపల తేమ నిలిచి సిగటోకా ఆకుమచ్చ తెగులు తొందరగ ఎక్కుతది, కింది ఆకుల మీద పసుప్పచ్చ చారలు కనపడంగనే ఆ ఆకులు కోసి బయట కాలబెట్టాలె, ప్రొపికొనజోల్ అనే తెగులు మందు లీటరు నీళ్లకు 1 మి.లీ., ఆకుకు అంటుకునే జిగురు మందు కలిపి కొట్టాలె. కోత గూడ ఒక్కపారి రాదు, కొన్ని గెలలు ముందు కొన్ని ఎనక, వ్యాపారి బండి మళ్ల మళ్ల రావాలె. మాకు కొనేటాయన కాయ సైజు జూసి రేటు కట్టిండు, సన్నకాయకు రేటు తగ్గించిండు. అందుకే మొక్క పెట్టకముందే మాట్లాడుకో.

హాలియా_రైతు: మంచిగ జెప్పిన్రన్నా. రెండో కాపు ఉంచుకోవచ్చా ఇట్ల పెడితే?

జడ్చర్ల_తోట: మేం ఉంచలే. గుంతకు మూడు పిలకలు ఏ దిక్కుకు ఇడవాలో తెల్వక తోట గజిబిజి అయితది. రెండో కాపు కావాల్నంటే ఆరుకు ఆరే పెట్టు, బోరు బలంగ ఉండి ఒక్క కాపుతోని తీసేస్తవంటే మూడు మొక్కలు పెట్టు. పడమర గట్టుకు అవిశె ఏస్కో, ఎండాకాలం గాలిదుమారం అటునుంచే వస్తది.