కాలనీ ఖాళీ స్థలంలో అందరి కోసం కూరగాయల తోట వేయడం ఎలా?

ప్రశ్న (విజయనగరం నుంచి)

మా లేఅవుట్‌లో ఉమ్మడి అవసరాలకని విడిచిపెట్టిన స్థలం తుప్పలు మొలిచి, చెత్త పారబోసే చోటుగా మారింది. పల్లెల నుంచి వచ్చి పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవారు ఇక్కడ చాలామంది ఉన్నారు; వారికి సేద్యం క్షుణ్ణంగా తెలుసు గాని, ఒక్క పాదు పెట్టుకోవడానికైనా నేల లేదు. వారిని ముందు పెట్టుకుని అక్కడ తోట వేయాలన్నది నా కోరిక. అనుమతి ఎవరిని అడగాలో, ఏ పంటలు వేయాలో, పండినదాన్ని ఎలా పంచుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (శ్రీకాకుళం నుంచి)

అలాంటి స్థలం సాధారణంగా నగరపాలక సంస్థ అధీనంలో ఉంటుంది కాబట్టి, కాలనీవాసుల సంతకాలతో కమిషనర్ గారికి అర్జీ పెట్టి, అనుమతిని కాగితం మీదే తీసుకోండి. నోటిమాట మీద మొదలుపెడితే అధికారి బదిలీ అయ్యాక తోటకు దిక్కుండదు. అర్జీకి ముందే నీటి సంగతి తేల్చుకోవాలి. తాగునీటి కుళాయి మీద ఆధారపడితే వేసవిలో తగవులు తప్పవు. ఇళ్లు కట్టినప్పుడు పోసిన సిమెంటు పెళ్లలు నేలలో ఉండవచ్చు కనుక, అడుగు లోతు తవ్వి చూసి, మట్టిని భూసార పరీక్షకు ఇవ్వండి. మా వైపు ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో ఇలాంటి సలహాలు అడగవచ్చు. మీరు దగ్గరలోని వ్యవసాయ కార్యాలయంలో విచారించండి.

జవాబు (రాజాం నుంచి)

బాగా చివికిన గెత్తం (పశువుల ఎరువు) కలిపి, మొదట తోటకూర, గోంగూర, బచ్చలి చల్లండి. తోటకూర నెల తిరిగేసరికి కోతకు వస్తుంది, గోంగూర కోసేకొద్దీ చిగురిస్తుంది. పందిళ్లకు మాత్రం తొందరపడవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తీరాన్ని తాకాయి. తొలకరిలో పెట్టిన ఆనప, బీర పాదులు కాపు మీద ఉండగానే పందిరి కూలిపోతే కొత్తవారికి మళ్లీ చేయాలనిపించదు. సంక్రాంతి దాటాక విత్తుకుంటే ఆ భయం చాలా వరకు తగ్గుతుంది.

జవాబు (బొబ్బిలి నుంచి)

పంపకం గురించి నేను చెబుతాను, ఎందుకంటే తోట నిలిచేదీ చెడేదీ అక్కడే. నేలంతా కలిపి సాగుచేసి పంటను సమానంగా పంచుకుందామంటే, రోజూ నీళ్లు పోసినవారికీ ఆదివారం మాత్రమే వచ్చినవారికీ ఒకే వాటా దక్కి, కొద్ది కాలానికే మనస్పర్థలు మొదలవుతాయి. ఇంటికొక మడి ఇవ్వండి. రెండు వైపుల నుంచీ చెయ్యి అందేలా నాలుగు అడుగుల వెడల్పు చాలు. నీరు, కంచె, ఎరువు గుంట అందరివి. గట్టు మీద వేసే మునగ, కరివేపాకు కూడా అందరివే. వంగలేని పెద్దవారికి పిల్లలున్న ఇంటివారిని జతచేయండి. అద్దెకున్నవారినీ, మీ ఇళ్లలో పనిచేసేవారినీ దయచేసి పక్కన పెట్టవద్దు, నేల అవసరం అందరికన్నా వారికే ఎక్కువ.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ముందు ఒక మూల మాత్రమే బాగుచేసుకుంటాము. అద్దెకున్నవారు మధ్యలో ఇల్లు మారితే వారి మడి ఎవరికి చెందాలి?

జవాబు (బొబ్బిలి నుంచి)

వేసిన పంట కోత పూర్తయ్యే దాకా వారిదే. ఆ తరువాత, పేరు ముందుగా నమోదు చేయించుకున్నవారికి ఇవ్వండి. ఈ నియమాన్ని మొదటి రోజునే రాసి అందరి చేతా సంతకాలు చేయించండి.